బయటికి

కాగితం మీద రెండు గడులు.
ఒకటి లోపలికి, ఒకటి బయటికి.
లోపలికి పోయినవన్నీ రాస్తాను:
గంజి రెండు గరిటెలు, సెలైన్ సీసా ఒకటి,
మాత్ర మింగడానికి మూడు గుక్కల నీళ్లు.
బయటికి అన్న గడిలో
నాలుగు రోజులుగా ఒకటే రాస్తున్నాను.
సున్న.

ఏడో మంచం. కో న్యన్ ట. ముప్పై నాలుగేళ్లు.
సిట్టాంగ్ నది ఒడ్డున వేసవి వరి కోస్తూ
పనల మధ్య కాలు పెట్టాడు.
నూర్పిడి యంత్రం మోతలో
బుస వినపడలేదు.

రక్తపింజరి.
మొదటి రాత్రి డాక్టరమ్మ అతని రక్తం తీసి
గాజు గొట్టంలో కిటికీ గట్టు మీద నిలబెట్టింది.
ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదు.
అందరూ గడియారం చూశారు,
నేను అతని భార్య యీ మోన్ మొహం చూశాను.
గొట్టం వంచితే
చెరుకురసంలా జారింది,
గడ్డకట్టడం మరిచిపోయిన రక్తం.

విరుగుడు ఎక్కించారు.
తెల్లారేసరికి రక్తానికి బుద్ధి వచ్చింది.
మూత్రపిండాలే అలిగి కూర్చున్నాయి.
ముందు వచ్చిన గరిటెడూ
మరిగి మరిగి అడుగంటిన టీ రంగు,
తర్వాత అదీ లేదు.

పాము కూడా వచ్చింది ఆసుపత్రికి,
ఎండుచేపల డబ్బాలో, తల చితికి.
ఏ జాతో డాక్టరమ్మ చూడాలని బావమరిది తెచ్చాడు.
వీపు మీద గొలుసు మచ్చలు.
చీలిన కడుపులోంచి జానెడేసి పిల్లలు,
పద్దెనిమిది దాకా లెక్కపెట్టి ఆపేశాను.
దాని మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు.
అదీ ఎలుకల కోసమే పొలానికి వచ్చింది.
కోతలకు అందరమూ వస్తాం.

రక్తం కడిగే యంత్రం ఉంది మాకు.
కరెంటు లేదు.
అందుకని పొట్టకు సన్నని గొట్టం పెట్టారు.
రెండు లీటర్ల తేట నీరు లోపలికి,
నాలుగు గంటలాగి బయటికి.
ఒక మడిలో నిండిన నీటిని
గట్టు తెంచి పక్క మడికి వదిలినట్టు.
దానికి వేరే కాగితం ఉంది,
నా గడిలో రాయకూడదన్నారు.

యీ మోన్ దూడను అమ్మి మందు సీసాలు తెచ్చింది.
అదీ లోపలికే పోయింది,
ఎక్కడ రాయను?

సాయంత్రాలు నాకు కిళ్లీ చుట్టి ఇస్తుంది.
తమలపాకు మీద వేలితో
గుండ్రంగా సున్నం.
"అత్తా, ఇవాళ ఎంత రాశావు?"
నోట్లో ఆకు ఉంది కనక
జవాబు చెప్పను.

పదకొండో రోజు, ఇంకా చీకటి.
సీసా అడుగున చిన్న చప్పుడు.
వాన చినుకేమో అని చూరు వైపు చూశాను.
లైటు దగ్గరికి తెచ్చి
గీతలకు కళ్లు ఆనించి చూశాను.
ఆమె నా చేతిలోంచి లాక్కుంది,
రెండు అరచేతుల మధ్య పట్టుకుని
"వెచ్చగా ఉంది" అంది.
ఉచ్చ సీసా చూసి ఇద్దరం
వార్డంతా లేచేలా నవ్వాం.
గడిలో రాయబోతే
చెయ్యి అలవాటుగా సున్న చుట్టేసింది.
కొట్టేయలేదు.
దాని ముందు మూడు పెట్టాను.

తొమ్మిదో మంచం కుర్రాడి సున్న ముందు
ఏ అంకే చేరలేదు.
ఆ కాగితం ఎక్కడ పెట్టాలో
నాకెవరూ చెప్పలేదు.
జేబులో ఉంది.

ఇరవై ఆరో రోజు న్యన్ ట ఇంటికి.
పిండాలు సగమే తిరిగొచ్చాయి,
ఉప్పు తగ్గించు, నెలనెలా రా అని
డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది.
వెళ్తూ మోకాళ్ల దాకా వచ్చే
రబ్బరు బూట్లు ఇచ్చింది.

గేటు దాటేసరికి వాన పట్టుకుంది.
బూట్లు రెండూ తాడుతో కట్టి మెడలో వేసుకుని
వట్టి కాళ్లతో పోతున్నాడు.
"తొడుక్కోరా!" అని కేకేశాను.
కొత్తవి అత్తా,
బురదవుతాయి అన్నాడు.